ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ

ఫొటోగ్రాఫర్ హత్య కేసులో ఆమె సొంత తమ్ముణ్ని ఆ మధ్యాహ్నం రెండింటికి కోర్టులో ప్రవేశపెట్టబోతున్నారు. డిటెక్టివ్ భూతద్దం ఆమె స్టూడియో మెట్లెక్కేసరికి ఉదయం తొమ్మిదిన్నర. చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు.

భూతద్దం అతని అసలు పేరు కాదు. ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో వేలిముద్రలు చూసినందుకు తోటివాళ్లు పెట్టిన పేరు. రిటైరై సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక అదే బోర్డు మీదికి ఎక్కింది. అతని వెనకే మెట్లెక్కుతున్నది అరెస్టయిన తమ్ముడి భార్య, అంటే చనిపోయినామెకు మరదలు. రెండు రోజులుగా నిద్రలేక కళ్లు వాచిపోయి ఉన్నాయి. చీర చెంగు పిడికిట్లో నలుగుతోంది.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఒకప్పుడు భూతద్దం దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే అతనికి నచ్చదు.

"రండి గురువుగారూ. రిటైరైనా కాళ్లకి రెస్టివ్వరన్నమాట."

"నువ్వు సరిగ్గా పనిచేస్తే ఇస్తాను. లోపలికి రావచ్చా?"

"రండి, చూడండి. నా కేసు నిన్న సాయంత్రమే ముగిసింది."

గది పొడవుగా ఉంది. ఒక చివర మూడుకాళ్ల స్టాండు, దాని కాళ్ల చుట్టూ నేల మీద సుద్దగీతలు. దాని ముందు టేబుల్, టేబుల్ మీద నాలుగు గాజుసీసాలు. అవతలి చివర గోడ మీద గడియారం. టేబుల్‌కీ గోడకీ మధ్య నేల మీద ఎండి నల్లబడిన మరక. మరదలు దానివైపు చూడకుండా తలుపు దగ్గరే ఆగిపోయింది.

"చెప్పు," అన్నాడు భూతద్దం.

ఇన్‌స్పెక్టర్ వేళ్లు మడుస్తూ చెప్పాడు. సోమవారం హత్య జరిగింది. మంగళవారం ఉదయం ఊడవడానికి వచ్చినామె తన తాళంచెవితో తలుపు తీసి శవాన్ని చూసింది. లైటు స్టాండు ఇనపరాడ్‌తో తల వెనక ఒకే ఒక్క దెబ్బ. డిజిటల్ కెమెరాలోని కార్డూ, లాప్‌టాప్ మాయం. గదిలో ఏసీ నడుస్తూనే ఉండటంతో డాక్టరు కచ్చితంగా చెప్పలేకపోయాడు. మధ్యాహ్నం మూడుకీ రాత్రి తొమ్మిదికీ మధ్య ఎప్పుడైనా చనిపోయి ఉండొచ్చన్నాడు.

"కానీ చనిపోయినావిడే చెప్పింది," అంటూ ఫైల్లోంచి ఒక ప్రింట్ తీసి భూతద్దం చేతిలో పెట్టాడు. "స్టాండు మీదున్న పాత ఫిల్మ్ కెమెరాలో ఆఖరి ఫొటో ఇది. పదిహేడోది. షట్టర్ నొక్కే పొడుగాటి కేబుల్ శవం పిడికిట్లోనే ఉంది. వాడు మీదికొస్తుంటే నొక్కేసింది, పారిపోబోయి వెనకనుంచి దెబ్బ తింది. వాడికి అది ఫొటో తీసిందన్న సంగతి కూడా తెలిసుండదు."

ఫొటో అంతా నారింజ రంగులో ముంచి తీసినట్టుంది. ఎప్పుడో పెట్టె అడుగున మర్చిపోయిన పాత ఆల్బమ్ ఫొటోలా వెచ్చగా, కళ్లకు హాయిగా ఉంది. అందులో ఉన్నది మాత్రం హంతకుడు. మనిషి కెమెరాకి మరీ దగ్గరగా ఉండటంతో మెడ పైభాగం ఫొటోలో పడలేదు. జేబున్న పూర్తిచేతుల చొక్కా, చేతికి వాచీ. అతని భుజం వెనక దూరంగా గోడ గడియారం పూర్తిగా పడింది. అంకెలు లేని గడియారం, చుట్టూ గీతలే.

"వాచీ ఏ చేతికుంది? కుడిచేతికి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వీళ్లాయనది ఎడమచేతివాటం. వాచీ కుడిచేతికి పెట్టుకుంటాడు. గడియారంలో టైమెంత? ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. ఏడూ నలభై అయిదుకి వీళ్లాయన మెట్లెక్కడం కింద టైలరు చూశాడు. ఎనిమిదింటికి దిగి పరిగెత్తడమూ చూశాడు. అంతకు ముందురోజు అక్కాతమ్ముళ్లు గట్టిగా అరుచుకున్నారు. 'ఇంకోసారి నా కూతుర్ని ఇక్కడికి తెస్తే ఊరుకోను' అన్నాడట. ఇంకేం కావాలి మీకు?"

మరదలు తలుపు దగ్గరినుంచే అడ్డుపడింది. "పాప బడి మానేసి ఫొటోలకి కూర్చుంటోందని అరిచారండీ. అంతే. సోమవారం డ్యూటీ దిగి, అక్కకి సర్దిచెప్పొస్తానని వచ్చారు. తలుపు తట్టారు. పలకలేదు. అక్కా, ఇంకా కోపం పోలేదా, నేనే తప్పు, తలుపు తియ్యి అని బతిమాలారట. పావుగంట నిలబడి, ఆఖరి బస్సు పోతుందని పరిగెత్తారు." ఆమె నేల మీది మరకను మొదటిసారి చూసింది. "వదిన లోపల ఇలా పడి ఉంటే, ఆయన బయట నిలబడి క్షమాపణ చెప్పుకుంటున్నారు."

భూతద్దం ప్రింట్‌ను మళ్లీ వెలుతురులోకి తిప్పాడు.

"ఫొటోకి ఈ రంగేమిటి?" అడిగాడు భూతద్దం.

"చీకటిపడ్డాక తీసింది కదా. బల్బు వెలుగు ఫిల్మ్ మీద ఇలాగే ఎర్రగా వస్తుందట. ఫిల్మ్ కడిగిన ల్యాబ్ బాబాయే చెప్పాడు. ఊళ్లో ఫిల్మ్ కడిగే ల్యాబ్ ఇప్పుడు అదొక్కటే. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి."

భూతద్దం గోడ దగ్గరికి వెళ్లి స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా వేశాడు. పైన ట్యూబులు వెలిగాయి. స్టాండ్ల మీది పెద్ద దీపాలు వెలిగాయి. గది కళ్లు చెదిరేంత తెల్లగా అయింది.

"ఇందులో పసుప్పచ్చ బల్బు ఏదయ్యా?"

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు. "తీసేసి ఉండొచ్చు."

"అంటే మనిషిని చంపి, రక్తంలో అడుగుపడకుండా తిరుగుతూ, బల్బులు మార్చి, స్విచ్ ఆపి వెళ్లాడా? చాలా పొదుపరి."

"గురువుగారూ!" ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది. "మీ రోజుల్లో మీరు చెప్పిందే వేదం. ఇప్పుడు నా దగ్గర సాక్షి ఉన్నాడు, గొడవ ఉంది, టైమున్న ఫొటో ఉంది. మీ దగ్గరేముంది? ట్యూబులైటు. రెండింటికి కోర్టులో కలుద్దాం. ఆ ప్రింట్ ఉంచుకోండి, నా దగ్గర ఇంకో మూడున్నాయి."

బూట్లు టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు. కాపలా కానిస్టేబుల్ మాత్రం గుమ్మంలో మిగిలాడు.

భూతద్దం సుద్దగీతల మధ్యకు వెళ్లి, కెమెరా ఉన్న చోటే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్రింట్‌ను కళ్లెదురుగా పట్టుకుని, దాని పైనుంచి గది చూశాడు. మళ్లీ ప్రింట్ చూశాడు. మళ్లీ గది.

"అమ్మాయ్, ఇలా రా. ఈ ఫొటోలో గడియారానికి ఏ పక్కనుంది స్విచ్‌బోర్డు?"

"కుడిపక్క."

"గోడ మీద?"

ఆమె తలెత్తింది. "ఎడమ... ఎడమపక్కనుందండీ."

"వస్తువులైతే జరిపారనుకుందాం. స్విచ్‌బోర్డు నడిచిపోదు కదా."

మరదలు ప్రింట్‌ను అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. పోలీసులు దాన్ని ఆమెకు ఇంతవరకూ చూపించలేదు. ఈసారి దాని రంగు చూసిన మరుక్షణం ఆమె ముఖం మారిపోయింది.

"ఇది బల్బు వెలుగు కాదండీ. ఇది వదిన తిప్పి చుట్టే ఫిల్మ్!"

"తిప్పి చుట్టడమంటే?"

"మామూలు కలర్ ఫిల్మే. దాన్ని చీకటిసంచిలో చేతులు పెట్టి బయటికి లాగి, బోర్లా తిప్పి ఇంకో డబ్బాలోకి చుట్టేది. నేనూ చాలాసార్లు పట్టుకున్నాను. అప్పుడు వెలుతురు ముందువైపు నుంచి కాకుండా వెనకవైపు నుంచి పడుతుంది. ఎరుపు పొర ముందొస్తుందట. అందుకే అన్నీ ఎర్రగా, నారింజగా వస్తాయి. వెలుతురు ఎక్కువిస్తే ఎరుపు తగ్గి తేనెరంగు వస్తుంది. అచ్చం మన చిన్నప్పటి ఫొటోల్లా. పెళ్లివాళ్లు ఆ రంగు కోసమే వదిన దగ్గరికి వచ్చేవాళ్లు."

"రంగు సరే. బొమ్మ?"

"బొమ్మ తిరగబడుతుంది. వెనకనుంచి తీసినట్టే కదా, కుడి ఎడమైపోతుంది. ప్రింట్ వేసేటప్పుడు ఫిల్మ్‌ని మళ్లీ తిప్పి వేస్తేగానీ సరిగ్గా రాదు."

భూతద్దం గది మూలకు నడిచాడు. ఫొటోకి వచ్చినవాళ్లు తల దువ్వుకునే నిలువుటద్దం ఉందక్కడ. ప్రింట్‌ను అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు. అద్దంలో స్విచ్‌బోర్డు ఎడమపక్కకు వచ్చింది. వాచీ ఎడమచేతికి మారింది. గడియారం ముళ్లు రెండూ కుడివైపుకు ఒరిగాయి.

"చదువు," అన్నాడు.

"నాలుగు... నాలుగూ పది." ఆమె గిరుక్కున అతనివైపు తిరిగింది. "నాలుగూ పదికి మా ఆయన ప్రెస్సులో ఉన్నారండీ. ఆరింటిదాకా మిషన్ మీదే. నలభైమంది ఉంటారక్కడ. వేలు పెడితే టైము పడే మిషనుంది. మీరు ఫోన్ చేసి అడగండి!"

"అడుగుదాం. ముందు కూర్చో."

ఆమె కూర్చోలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త బయటికి వస్తాడన్న ఆశతోనో, తలుపు తట్టే సమయానికే వదిన చనిపోయి మూడున్నర గంటలయిందన్న లెక్క తేలినందుకో భూతద్దం అడగలేదు. అతని ఆలోచన అప్పటికే ల్యాబ్ బాబాయ్ దగ్గర ఉంది. నలభై ఏళ్లు ఫిల్మ్ కడిగిన మనిషికి ఈ ఎర్రరంగు ఎక్కడిదో తెలియదా?

"మీ వదిన ఫిల్ములు దాచే చోటేది?"

బీరువా అడుగు అరలో ల్యాబ్ కవర్లు కట్టలుగా ఉన్నాయి. ఎర్రరంగు నెగెటివులున్నవి విడిగా కట్టి ఉన్నాయి. భూతద్దం లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. ప్రతి కవర్ మీదా నీలం సిరాతో ఒకే చేతిరాత: 'తిప్పి చుట్టిన రోల్. తిప్పి ప్రింట్ వేయాలి.'

"ఈ రాత మీ వదినదా?"

"కాదండీ. ల్యాబ్ బాబాయ్‌దే. వదిన చెప్పనక్కర్లేదు, నెగెటివ్ చూడగానే ఆయనే రాసుకునేవాడు."

ముప్పై ఒక్కసార్లు గుర్తుపెట్టుకుని తిప్పిన మనిషి, పోలీసులకిచ్చిన ఒక్కదాన్ని మాత్రం తిప్పలేదు. పైగా బల్బు వెలుగని కథ చెప్పాడు.

చివరి కవర్లో నెగెటివులతో పాటు మడిచిన పేపర్ ముక్క ఉంది. భూతద్దం విప్పాడు. ఆదివారం నాటి వార్త. 'ముప్పై రెండేళ్ల తర్వాత తల్లి ఒడికి.' రైల్వేస్టేషన్‌లో మూడేళ్ల కూతురు తప్పిపోయిన ఒక తల్లి, ఏటా అదే రోజున పేపర్లో ప్రకటన వేయిస్తూ వచ్చింది. బిడ్డ మెడలో పచ్చరాయి లాకెట్ ఉందని ప్రతిసారీ రాయించేది. మొన్న ఒక యువతి భర్తతో సహా వెతుక్కుంటూ వచ్చింది. తనను పెంచినవాళ్లు ఆరేళ్ల వయసులో తీయించిన ఫొటో ఒకటి చూపించింది. మెడలో అదే లాకెట్. రక్తపరీక్ష చేయిద్దామని బంధువులంటే ముసలావిడ ఒప్పుకోలేదట. 'నా బిడ్డను నేను ఆనవాలు పట్టలేనా?' అందట. వార్త పక్కన రెండు ఫొటోలు. ఒకదాంట్లో ముసలావిడ ఎవరినో గట్టిగా వాటేసుకుని ఉంది. ఆ ఎవరో ముఖం ఆవిడ భుజంలో దాగిపోయింది. రెండోది, పాతకాలపు గౌనులో ఆరేళ్ల పాప.

మరదలు అతని భుజం మీదుగా చూసింది. "ఇదేంటండీ? ఇది మా పాప!"

"సరిగ్గా చూడు."

"కన్నతల్లిని, చూడక్కర్లేదు. రెండు నెలల క్రితం వదిన ఇదే గదిలో తీసింది. పాత మోడల్ గౌను కుట్టించి, తేనెరంగు వచ్చేలా తీసింది. ల్యాబ్ గోడకి నమూనాగా పెట్టుకుంటానని బాబాయే అడిగాడు. ఆ లాకెట్ కూడా ఆయనే తెచ్చిచ్చాడు, పాతకాలపుది వేస్తే బాగుంటుందని."

వార్త అంచున ఎర్రసిరాతో చనిపోయినామె రాసుకున్న మాటలున్నాయి. 'మన పాప! బాబాయ్‌ని అడగాలి. ఆ తల్లికి చెప్పాలి.'

భూతద్దం జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఏంటి గురువుగారూ, ఇంకో ట్యూబులైటు దొరికిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అవతలినుంచి.

"నీ చొక్కా జేబు ఏ పక్కనుంది?"

"ఏంటీ?"

"జేబయ్యా. ఏ పక్క?"

"ఎడమపక్క. అందరికీ అంతేగా."

"నీ దగ్గరున్న ఫొటోలో వాడి జేబు ఏ పక్కనుంది?"

కాగితం చప్పుడయింది. "కుడిపక్క... అంటే ఫొటో తిరగబడిందా?"

"ల్యాబ్‌కి రా," అన్నాడు భూతద్దం. "జీపు దూరంగా ఆపి నడిచి రా. సోమవారం ఆమె ఫోన్ లిస్టు కూడా తీసుకురా."

*

ల్యాబ్‌లో రసాయనాల పులుపు వాసన ముక్కుకి తగిలింది. గోడల నిండా ఫొటోలు. కౌంటర్ వెనక అరవై అయిదేళ్ల ల్యాబ్ బాబాయ్ తెల్ల గ్లవుజులు తొడుక్కుని నెగెటివులను కవర్లకు సరిపడా కత్తిరిస్తున్నాడు. ఊళ్లో ఫొటోగ్రాఫర్లందరికీ అతను బాబాయే. భూతద్దాన్నీ, పక్కనే మఫ్టీలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌నీ చూసి కత్తెర కింద పెట్టాడు. టైము పదకొండూ నలభై.

"కూర్చోండి బాబూ. పాపం, మహాతల్లి. నా చేతుల్లో పని నేర్చుకుంది. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు."

"సోమవారం మీతో మాట్లాడిందా?" అడిగాడు భూతద్దం.

"లేదు బాబూ. వారమైంది మాట్లాడి."

ఇన్‌స్పెక్టర్ లిస్టు చూశాడు. "ఒంటిగంటా ముప్పైకి ఈ నంబర్‌కి చేసింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది."

"ఓ, అదా. ఫిల్ములు ఎప్పుడిస్తావని అడిగింది. పెద్దవాణ్ని, మర్చిపోయాను."

"ఒకటీ ముప్పై అయిదుకి మీరెవరికో చేశారేమో, ఆ లిస్టు కూడా తెప్పించమంటారా?" అడిగాడు భూతద్దం.

గ్లవుజుల్లో వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

భూతద్దం కౌంటర్ మీద నారింజరంగు ప్రింట్ పెట్టాడు. దాని పక్కన ముప్పై ఒక్క కవర్ల కట్ట పెట్టి తాడు విప్పాడు. నీలం సిరా అక్షరాలు వరుసగా పరుచుకున్నాయి.

"ఇవన్నీ తిప్పారు. దీన్నెందుకు తిప్పలేదు?"

"కంగారులో... కానిస్టేబుల్ నెత్తి మీద నిలబడి తొందరపెట్టాడు బాబూ. పొరపాటు జరిగింది."

"పొరపాటైతే ఈ రంగేంటని ఇన్‌స్పెక్టర్ గారు అడిగినప్పుడు నిజం చెప్పేవారు. బల్బు వెలుగన్నారు."

"ఏమయ్యా!" ఇన్‌స్పెక్టర్ కౌంటర్ మీద అరచెయ్యి చరిచాడు. తను మోసపోయిన కోపమంతా ఆ చేతిలో ఉంది. "నీ మాట నమ్మి ఒక అమాయకుణ్ని లాకప్‌లో వేశాను! నువ్వే చంపావా?"

"ఆయన కాదు," అన్నాడు భూతద్దం. "ఫొటోలో చేతులు చూడు. నున్నగా ఉన్నాయి. పడుచువాడివి. ఈయన ఎవరినో దాస్తున్నాడు."

"ఫిల్మ్ చేతికొచ్చినప్పుడే పాడుచేసి పారేయొచ్చుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పాడుచేస్తే అనుమానం ఈయన మీదికే వచ్చేది. కడిగి చూస్తే తల తెగి ఉంది, గడియారం తప్పు టైము చూపిస్తోంది, వాచీ కుడిచేతికి మారింది. ఏమీ చేయకుండా ఇస్తే చాలు. ఆ తమ్ముడు ఎడమచేతివాటమని ఈయనకి తెలియకపోవడమేమిటి? చిన్నప్పటినుంచీ చూసినవాడు."

ల్యాబ్ బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. భూతద్దం పేపర్ ముక్క విప్పి, పాతకాలపు గౌనులో ఉన్న పాప మీద వేలు పెట్టాడు.

"ఈ పాప తండ్రినే ఉరికంబం ఎక్కించబోయారు. అది మీకు తెలుసు. ఆమె ఫోన్ చేసినప్పుడు ఏమంది?"

ల్యాబ్ బాబాయ్ పాప ఫొటో మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. "ఏడ్చింది బాబూ. 'బాబాయ్, ముప్పై రెండేళ్లు ఎదురుచూసిన తల్లిని నా ఫొటోతో మోసం చేయిస్తావా? సాయంత్రం వెళ్లి ఆవిడకి అంతా చెప్పేస్తాను' అంది. ఒక్కరోజు ఆగమన్నాను. ఆగనంది."

"అప్పుడు ఎవరికి చెప్పారు?"

"మా అల్లుడికి." అతను గ్లవుజులు తీసి ముఖం కప్పుకున్నాడు. "మాట్లాడి ఒప్పిస్తానన్నాడు. బతిమాలుతాననే అన్నాడు. తెల్లారి శవం దొరికిందని విన్నప్పుడు కూడా వాడు కాదనే అనుకున్నాను. మీ కానిస్టేబుల్ తెచ్చిన ఫిల్మ్ కడిగి దీపం ముందు పట్టుకున్నప్పుడు చూశాను, ఆ చొక్కా. పండక్కి నేను కొనిచ్చిన చొక్కా. అప్పుడు నా కళ్లముందు నా కూతురే కనపడింది. వాడు జైలుకెళితే అదీ వెళుతుంది. దాన్ని కాపాడుకోవాలనుకున్నాను. అంతే బాబూ. ఇంకేమీ ఆలోచించలేదు."

"ఆ తమ్ముడికీ ఒక కూతురుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట అతనికే తగిలినట్టు పక్కకు తిరిగాడు.

"మీ అల్లుడెక్కడ?" అడిగాడు భూతద్దం.

"అమ్మాయితోనే ఉన్నాడు."

"అమ్మాయెక్కడ?"

"వాళ్లమ్మ దగ్గర."

"మీ ఆవిడ దగ్గరా? ఇల్లెక్కడ?"

ల్యాబ్ బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. తన నోట వచ్చిన మాట తనకే అప్పుడు వినపడినట్టు కళ్లు పెద్దవయ్యాయి.

"మా ఆవిడ పోయి పదేళ్లయింది," అన్నాడు నెమ్మదిగా. "నెల నుంచీ ఇంట్లో అందరం అలా అనడం అలవాటు చేసుకున్నాం బాబూ. నోరు జారకూడదని. ముసలావిణ్ని 'అమ్మ' అనమని అల్లుడే నేర్పించాడు."

ఇన్‌స్పెక్టర్ పేపర్ ముక్కను లాక్కుని చూశాడు. ముసలావిడ భుజంలో ముఖం దాచుకున్న యువతి.

"అంటే ఈ తప్పిపోయిన కూతురు..."

"నా కూతురే. ఇల్లు రాయించుకునేదాకానే అన్నాడు వాడు. తర్వాత నెమ్మదిగా తప్పుకుందామన్నాడు. నిన్న పొద్దున సంతకాలయ్యాయి."

"సంతకాలయ్యాయా?" భూతద్దం గొంతులో మొదటిసారి తొందర వినపడింది. "సంతకాలయ్యాక వాడికి ఆవిడతో పనేముంది?"

తప్పిపోయిన బిడ్డ కోసం ముసలావిడ ఏటా ప్రకటనలో వేయించిన ఫోన్ నంబర్ వార్త చివర అచ్చయి ఉంది. భూతద్దం ఆ నంబర్ నొక్కి, ఫోన్‌ను అందరికీ వినపడేలా కౌంటర్ మీద పెట్టాడు. ఆరుసార్లు మోగాక ఎత్తారు.

"హలో?" ఆడగొంతు. చాలా నెమ్మదిగా, పక్కగదిలో ఎవరో వింటున్నట్టు.

"పెద్దావిడతో మాట్లాడాలమ్మా."

"అమ్మ పడుకుందండీ."

"పన్నెండవుతోంది. కాస్త లేపండి."

ఆ గొంతు ఇంకా తగ్గి గబగబా మాట్లాడింది. "లేవట్లేదండీ. రాత్రి పాలు తాగి పడుకుంది. పొద్దున్నుంచీ లేపుతున్నాను. చేతులు చల్లగా ఉన్నాయి. ఊపిరి ఉంది, ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టుంది. డాక్టర్ని పిలుస్తానంటే ఆయన వద్దంటున్నారు. రాత్రి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేసిందండీ ఈవిడ. నేనెవరో ఏమిటో అడక్కుండా... మీరెవరైనా సరే, డాక్టర్ని పంపండి."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే బయటికి పరిగెత్తాడు. మెట్ల మీద అతని కేకలు వినపడుతున్నాయి. అంబులెన్సు, జీపు, ఆ వీధికి దగ్గరున్న స్టేషన్.

ల్యాబ్ బాబాయ్ రెండు చేతులతో ఫోన్‌ను పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తల్లీ, నేను నాన్నని. విను. ఆవిడ గదిలోనే ఉండు. బయటికి రాకు. తలుపు లోపలినుంచి గడియ పెట్టుకో. వాడు పిలిచినా తియ్యకు. వింటున్నావా? ముందు గడియ పెట్టు తల్లీ!"

అవతల ఏదో కిందపడి పగిలింది. 'నాన్నా' అనబోయిన ఆడగొంతు సగంలో ఆగిపోయింది. ఎవరో ఫోన్‌ను నేల మీదినుంచి తీసిన చప్పుడు, ఆ తర్వాత తలుపు మూసిన చప్పుడు.

"మామయ్యగారూ," అంది ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా. "మీ పక్కన ఎవరున్నారు?"